అమ్మ వద్దన్న ఈల

నేను పదో తరగతి చదువుతున్నప్పటి మాట. యాకుత్‌పురాలో మా పక్క మిద్దె మీద ఒక చాచా పావురాలు పెంచేవాడు. ఆయన రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే, ఆకాశంలో ఉన్నవన్నీ దిగి వచ్చేవి. చూసి చూసి నేనూ నేర్చుకున్నాను. అమ్మ విని మండిపడింది. "ఆడపిల్ల ఈలేస్తదానే? గట్టిగ నవ్వద్దు, గట్టిగ మాట్లాడద్దు అని చెప్తుంటే గిదేంది కొత్తగ?" అని నెత్తిన మొట్టి, ఇంకెప్పుడూ వేయనని ఒట్టు వేయించుకుంది.

అక్క పెళ్లికి వారం ముందు అమ్మా నేనూ చార్మినార్ దగ్గర ఆటో దిగాం. కుట్టించి తెచ్చిన పెళ్లి జాకెట్ల సంచీ ఆటోలోనే ఉండిపోయింది. అమ్మ "భయ్యా..." అంది. బజార్లో ఏనాడూ గొంతెత్తని మనిషి కదా, ఆ పిలుపు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. ఆటో వెళ్లిపోతోంది. ఒట్టు సంగతి మరిచి వేళ్లు నోట్లో పెట్టాను.

ఆ ఈలకు ఆటో ఆగింది. గాజుల దుకాణాల వాళ్లంతా నన్నే చూస్తున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అమ్మ ఆటోలోంచి సంచీ తీసుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, అటూ ఇటూ చూసి, "గది ఏ వేళ్లతోనే ఏసినవ్?" అని అడిగింది. చూపించాను. ఆమె ఊదితే గాలే వచ్చింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. పక్క మిద్దె మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

ఇప్పుడు నా బిడ్డ పకపకా నవ్వినప్పుడల్లా "మెల్లగ" అనబోతాను. ఆ పావురాలు గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.