మా ఇంట్లో ఊసరవెల్లి పురుడు

గనుల ఊరు బచేలిలో మాకిచ్చిన కంపెనీ క్వార్టర్‌కి రెండు గదులు, ఒక వరండా. ఆ వరండాలో, పాలూ పెరుగూ పిల్లి నోట పడకుండా దాచుకునే, ఇనుప వల తలుపుల జాలీ అలమరాలో, మేం ఊసరవెల్లిని పెంచాం. మరి పాలెక్కడ పెట్టుకున్నారని అడక్కండి. అది ఉన్నన్నాళ్ళూ మా వీధి పిల్లికి పండగే.

తెచ్చింది నాన్న. ఆయన కొండ మీద ఇనుప గనిలో డంపర్ నడిపేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ హెల్మెట్‌ని తిరగేసి, రెండు చేతులతో ప్రసాదం పళ్ళెంలా పట్టుకొచ్చాడు. అందులో ఒళ్ళంతా ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన ఊసరవెల్లి. డంపర్లు తిరిగే దారి దాటబోయి వెనక కాలు నలగ్గొట్టుకుంది. దాని నడకకి ఆ దారి దాటాలంటే ఒక షిఫ్టు పడుతుందని నాన్న జాలిపడ్డాడు.

అమ్మ కొంట అనే ఊళ్ళో కొట్టు నడుపుకునే వాళ్ళింటి పిల్ల. అరిచి గోల చేసే రకం కాదు. పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే అడిగింది.

"ఏందిది? పిల్ల తిరిగే ఇంట్లోకి దాన్నెందుకు తెచ్చారు?"

"కాలు మానేదాకే. మానితే నేనే తీసుకుపోయి చెట్టెక్కిస్తా."

"మానేదాకా అంటే మానేదాకే. ఆ తర్వాత ఒక్క పూట కూడా ఉండొద్దు."

దాన్నెలా చూసుకోవాలో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. గిన్నెలో నీళ్ళు పెడితే వాటి వంక కన్నెత్తి చూడలేదు. కదలకుండా ఉన్న నీళ్ళు దాని లెక్కలో నీళ్ళే కావు. చూస్తూండగానే కళ్ళు లోపలికి పోయాయి. దానికోసం పెట్టిన మందార కొమ్మకి దుమ్ము పట్టిందని నాన్న నీళ్ళు చిలకరిస్తే, ఆకు చివర జారుతున్న చుక్కని నాలుకతో అందుకుంది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. మర్నాటికి కళ్ళు మళ్ళీ ఉబ్బి గుండ్రంగా తిరగసాగాయి. అప్పట్నుంచి ఒక డబ్బా అడుగున మేకుతో చిల్లు కొట్టి అలమరా మీద పెట్టాం. ఆ చుక్కలు ఆకుల మీద పడుతుంటే అది తీరిగ్గా తాగేది.

మేత తేవడం నా పని. బడి నుంచి రాగానే గడ్డిలో పడి మిడతలు పట్టేదాన్ని. ఇంట్లో బొద్దింకలు మాత్రం పెట్టొద్దని నాన్న గట్టిగా చెప్పాడు. మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చి గోడలన్నీ తడిపి పోయేవారు. ఆ మందు తగిలిన పురుగు దీని కడుపులోకి పోతే ఇంకేమైనా ఉందా. పొద్దుటి ఎండ పడేలా అలమరా జరపడం, ఎండ ముదిరితే నీడకి లాగడం నాన్న వంతు. డ్యూటీ నుంచి ఎంత అలిసిపోయి వచ్చినా ముందు అలమరా జరిపి, ఆ తర్వాతే బూట్లు విప్పేవాడు.

అమ్మ దాన్ని ముట్టుకునేది కాదు. కూరలు తరుక్కోవడానికి మాత్రం వంటింట్లోంచి వరండాలోకి మారింది. అది ఒక కన్ను అమ్మ మీద, ఇంకోటి గుమ్మం మీద పెట్టి కూర్చునేది. "అచ్చం మీ నాన్నే. చెప్పింది వింటున్నట్టే ఉంటది, చూపు ఇంకో పక్కన" అని నాతో అనేది. మెల్లగా ఆ మాటలు దాంతోనే అనడం మొదలుపెట్టింది. కాలు మానిన సంగతి ముగ్గురం చూశాం, ఎవరం ఎత్తలేదు.

చలి మొదలవుతుండగా అది మేత మానేసింది. ఒళ్ళు నల్లబడింది. కొమ్మ దిగి అలమరా అడుగు చెక్కని అదే పనిగా గోకుతోంది. జబ్బు చేసిందని నాన్న కంగారుపడ్డాడు. అమ్మ కత్తిపీట మడిచి పక్కన పెట్టి, జాలీకి ముఖం ఆనించి చూసింది. దాని డొక్కల్లో గుండ్రంగా ఎత్తులెత్తులుగా కనిపించాయి.

"జబ్బేం కాదు. నీళ్ళాడబోతంది. గుడ్లు పెట్టుకోను దానికి మట్టి కావాలి, జల్దీ చూడండి" అంది.

మా పెరట్లో నేల ఇనుపరాయి, గునపం దిగదు. అమ్మ ఇంకేం ఆలోచించలేదు. తను ప్రాణంగా పెంచుకుంటున్న కొత్తిమీర మొత్తం పీకేసి, ఆ కుండీలో మట్టి తడిపి, అలమరా కింది అరలో పెట్టింది. ఊసరవెల్లి అందులోకి తల దూర్చి తవ్వుకుని, గుడ్లు పెట్టి, మట్టి కప్పి, సగానికి సగం చిక్కిపోయి పైకొచ్చింది.

ఇక అమ్మని పట్టుకోవడం మా తరం కాలేదు. వరండాలో పురిటిగది వెలిసింది. గాలి సోకకుండా అలమరా చుట్టూ దుప్పటి కప్పి అంచులు దోపింది. నీళ్ళ డబ్బా తీసి అటక మీద పడేసింది.

"నీళ్ళెందుకు తీశావే?" అన్నాడు నాన్న.

"బాలింతకి పచ్చినీళ్ళు పోస్తారా ఎవరన్నా? వాతం చెయ్యదూ?"

"అది మనిషి కాదు కదా."

"ఆడది కదా" అంది అమ్మ. పురిటి విషయాల్లో మా ఇంట్లో మగవాడి మాట చెల్లదు. నాన్న బూట్లేసుకుని డ్యూటీకి పోయాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చి దుప్పటి ఎత్తి చూశాను. కళ్ళు రెండూ గుంటల్లోకి దిగిపోయి మూసుకుని ఉన్నాయి. చర్మం ముడతలు పడింది. కొమ్మ మీద పట్టు వదిలేసి, కింద ఒక పక్కకి ఒరిగి పడుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"అమ్మా, కళ్ళు చూడు. దాహంతో చచ్చిపోతోందమ్మా."

అమ్మ వచ్చి చతికిలబడి చూసింది. నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"నువ్వు మండుటెండల్లో పుట్టినవ్. మీ నాయనమ్మ నాకు కాచిన నీళ్ళు ఉగ్గుగిన్నెతో కొలిచి ఇచ్చేది. నోరు పిడచకట్టుకుపోయేది. బయట ఎవరన్నా కుండలో చెంబు ముంచితే, ఆ చప్పుడుకి నాకు ఏడుపొచ్చేది. ఒకనాడు నీ ఒళ్ళు తుడిచే తడిగుడ్డ నోట్లో పిండుకున్న. ఎవరికీ చెప్పలే." మళ్ళీ తనే, "ఆమెని అనేదేముంది. ఆమెకీ అట్లనే చేసిన్రంట" అంది.

లేచి దుప్పటి లాగి అవతల పడేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, అలమరా తలుపు తీసి, ఇన్నాళ్ళూ ముట్టుకోని దాన్ని అరచేతిలోకి తీసుకుంది. వేళ్ళు ముంచి దాని మూతి మీద ఒక్కో చుక్క వదిలింది. మొదటి చుక్కలు పక్కకి జారిపోయాయి. అమ్మ వదలకుండా వేస్తూనే ఉంది. చివరికి నోరు కొంచెం తెరుచుకుంది. గొంతు కదిలింది.

"తాగవే తల్లీ. ఇక్కడ నిన్నెవరూ ఏమనరు" అంది అమ్మ.

వరండాలో ఎండ గోడెక్కేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది. మెల్లగా దాని కళ్ళు మళ్ళీ నిండుగా ఉబ్బాయి. ఒకటి తెరుచుకుని అమ్మ వైపు, ఇంకోటి నా వైపు తిరిగింది. ఇక బతుకుతుందని మా ఇద్దరికీ తెలిసిపోయింది. అమ్మ మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు. ఆమె దాన్ని జాగ్రత్తగా కొమ్మ మీదికి ఎక్కించి, మిగిలిన నీళ్ళ చెంబు ఎత్తి, ఆగకుండా మొత్తం తాగేసింది.