ఉల్టా తిప్పాల్సిన నట్టు

నా ముందు దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వను, తిడతాను. మా షాపుకు వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పెద్దకడుబూరు దారిలో ఒక చింతచెట్టు దగ్గరికి రాగానే బండి ఆగిపోతోందని, అక్కడ ఏదో ఉందని ఇప్పటిదాకా నలుగురు నా దగ్గరికి బండ్లు తోసుకొచ్చారు. నాలుగింటిలోనూ ఆ ‘ఏదో’ కార్బురేటర్‌లోనే దొరికింది. చెత్త. కడిగి పంపించాను. ఆ చెట్టు దగ్గర రోడ్డు కాస్త ఎత్తుగా ఉంటుంది, పెట్రోలు అందక ఇంజన్ ఆగుతుంది, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ మనిషే చెబుతున్నాడని గుర్తుపెట్టుకుని చదవండి.

నా పేరు ఈరన్న. ఎమ్మిగనూరులో, ఆదోని రోడ్డు మీద నాకు మెకానిక్ షాపు ఉంది. పని నేర్చుకున్నది ఆదోనిలో, ఖాజా ఉస్తాద్ దగ్గర. పదకొండేళ్లు ఆయన పక్కనే కూర్చున్నాను. చాలా రోజులు మధ్యాహ్నం అన్నం కూడా వాళ్లింట్లోనే. ఆయన భార్యను చాచీ అని పిలుస్తాను.

ఉస్తాద్ నోటికి జడిసి పారిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక నంబరు పానా అడిగితే ఇంకొకటి అందించామా, మా వంశం మొత్తాన్నీ పేరుపేరునా పలకరించేవాడు. అలాంటి నోరు పోయినేడు పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. చెయ్యీ కాలూ నెమ్మది మీద కొంచెం కదలడం మొదలుపెట్టాయి. మాట రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, జవాబు చెప్పబోతే మాత్రం ‘బా, బా’ అనే వచ్చేది.

మొదటి నెలల్లో రాకపోతే ఆ తర్వాత కష్టమే, అయినా రోజూ పలికిస్తూ ఉండండి అని కర్నూల్లో డాక్టరమ్మ చెప్పింది. చాచీ ఎనిమిది నెలలు ఎదురుగా కూర్చుని ‘నీళ్లు’ అను, ‘అల్లా’ అను, నా పేరు అను అని బతిమాలింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఆ ఇంటికి వెళ్లి రావడమంటే నాకు భయం పట్టుకుంది. తిట్లు తినడానికి అలవాటుపడిన మనిషిని, ఆ మౌనం ముందు కూర్చోలేకపోయేవాణ్ణి.

ఆయన సొంత బండి ఒకటుంది. రెండు సైలెన్సర్ల పాత టూ స్ట్రోక్. ఏడేళ్లుగా ఇంటి పక్క రేకుల కింద కదలకుండా పడి ఉంది. దాన్ని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామని ఆయన అల్లుడు ఒక మనిషిని పిలుచుకొచ్చాడు. ఉస్తాద్ కుంటుకుంటూ వచ్చి, ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఏమనాలో తోచక, నేను తీసుకుపోయి నడిపించి తెస్తానని అనేశాను. బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించేటప్పుడు చాచీ వెంట వచ్చింది.

“ఇదన్నా కదిలితే ఆయప్పకు ధైర్యం వస్తాదేమోరా. నాకైతే ఇంగ ఆశ ల్యాకపాయ” అంది.

అందుకని ఆ బండి నాకు ఊరికే బండి కాదు. అది నడవకపోతే ఆ మనిషి మనసు కూడా ఇనుప సామాను కింద పోతుందని నాకు గట్టిగా అనిపించింది.

తీరా విప్పబోతే ఒక్క బోల్టు కదిలితే ఒట్టు. పిస్టన్ సిలిండర్‌కు కరుచుకుపోయింది. ప్లగ్గు తీసి ఆ బొక్కలోంచి డీజిల్, కిరసనాయిలు కలిపి పోసి పది రోజులు నానబెట్టాను. పైన చెక్క ముక్క పెట్టి మెల్లగా తట్టాను. పదకొండో రోజు అది వెంట్రుకవాసి దిగింది. ఆ రోజు నేను షాపులో ఒంటరిగా నవ్వుకున్నాను. ఫుట్‌రెస్టు బోల్టులకు మంట చూపించాను, సైలెన్సర్ నట్లను నూనెలో ముంచి ఉంచాను. తుప్పు దగ్గర తొందరపడితే బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది, ఆ తర్వాత ఏడ్చినా లాభం లేదు.

అన్నీ వచ్చాయి. క్లచ్ నట్టు దగ్గర ఆగిపోయాను. క్లచ్ ప్లేట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి. ఆ నట్టు ఊడితే తప్ప వాటిని బయటికి తీయలేం. మూడు రోజులు డీజిల్, మంట, సుత్తి అన్నీ అయ్యాయి. అది కొంచెం కూడా చలించలేదు.

శ్రావణ మాసం అది. ఉరుకుంద గుడికి పోయేవాళ్ల బండ్లతో షాపు పొద్దుటి నుంచి కిటకిటలాడేది. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రమే ఉస్తాద్ బండి ముట్టుకునే తీరిక దొరికేది. నాలుగో రోజు ఒంటి గంట దాటింది. షాపులో నేనొక్కణ్ణే. పక్కన రంగన్న టీ అంగడిలో రంగన్న పాత్రలు కడుగుతున్నాడు. నాకు విసుగు ముదిరింది. పానాకు నాలుగడుగుల ఇనుప పైపు తొడిగి, కాలు గోడకు తన్ని, ఒంటి బరువంతా వేయడానికి సిద్ధమయ్యాను. షాఫ్టు విరిగినా విరగనీ అనుకున్నాను. విరిగితే ఇంకొకటి దొరకదు. ఆ సామాను ఇప్పుడు ఎక్కడా లేదు.

“ఉల్టా రే. ఉల్టా తిప్పు.”

భుజం వెనక నుంచి వచ్చింది. ఉస్తాద్ గొంతు. గట్టిగా కాదు, బీడీ నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు, ఎప్పుడూ ఉండేలాగే.

నాకు అప్పుడు భయం కలగలేదు. ఆశ్చర్యం కూడా కలగలేదు. పదకొండేళ్ల అలవాటు. “సరే ఉస్తాద్” అని పైకే అనేసి, పైపు అటు మార్చి, కుడివైపుకు తిప్పాను. టక్కుమంది. రెండో పట్టుకు చేత్తోనే వచ్చేసింది.

సంగతేమిటంటే, మామూలు నట్టు ఎడమకు తిప్పితే ఊడుతుంది. ఆ బండిలో ఆ ఒక్క నట్టుకు మాత్రం మరలు తిరగేసి ఉంటాయి. మేము దాన్ని ఉల్టా థ్రెడ్ అంటాం. మూడు రోజులుగా నేను ఊడదీస్తున్నాననుకుని బిగిస్తున్నాను. ఇంత అనుభవం ఉండి ఆ ఆలోచన రాకపోవడం సిగ్గుచేటే. కానీ ఆయన తన బండి క్లచ్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, నేనెప్పుడూ దాన్ని విప్పలేదు.

నట్టు అరచేతిలో పెట్టుకుని, ఉస్తాద్‌కు చూపిద్దామని ఫోన్లో ఫొటో తీశాను. అప్పుడు గాని నాకు తట్టలేదు, ఆయన ఇక్కడ లేడని. వెనక్కి తిరిగితే టైర్లు తప్ప ఎవరూ లేరు. రంగన్నను అడిగితే, ఇంకో గొంతు ఏదీ వినలేదనీ, నేను ‘సరే ఉస్తాద్’ అనడం మాత్రం విన్నాననీ చెప్పాడు. ఫోన్లో మాట్లాడుతున్నాననుకున్నాడట.

ఆ ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. దాని మీద టైము ఒంటి గంటా పద్దెనిమిది నిమిషాలు. ఒకటీ ఇరవయ్యారుకు చాచీ ఫోను వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

“ఈరన్నా, మీ ఉస్తాద్ మాట్లాడినాడప్పా. ఉల్టా అన్నాడు. నేను ఉల్టీ అనుకోని బేసిన్ తెచ్చి మొగం కింద పెడితి. దాన్ని తోసిపారేసి మళ్లా అన్నాడు.”

వాళ్ల భాషలో ఉల్టీ అంటే వాంతి. జబ్బు మనిషి కదా, వాంతి చేసుకోబోతున్నాడని బేసిన్ కోసం పరుగెత్తింది పాపం. అది మాట అని ఆమెకు తెలిసేసరికి అయిదు నిమిషాలు పట్టింది. ఎప్పుడు అన్నాడని అడిగాను. పది నిమిషాలు కూడా కాలేదంది. ఆదోనికీ నా షాపుకూ మధ్య ముప్పై కిలోమీటర్ల దూరం ఉంటుంది. నేను ఆ జిడ్డు నేల మీదే కూర్చుండిపోయాను.

ఆ రోజు నుంచి మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. రెండోది ‘పానా’, మూడోది ‘చాయ్’. తన పేరు నాలుగో స్థానంలో వచ్చిందని చాచీ ఇప్పటికీ నిష్ఠూరమాడుతుంది. ఇలా ఆలస్యంగా మాట వచ్చినవాళ్లు కొందరున్నారని కర్నూలు డాక్టరమ్మ అంది. ఉండొచ్చు. నాకు వినబడ్డదానికి కూడా కారణం చెప్పుకున్నాను. ఎప్పుడో కుర్రతనంలో ఆయన ఆ నట్టు విప్పుతుంటే చూసి ఉంటాను, అది లోపల ఎక్కడో మిగిలి ఉండి ఆయన గొంతులో పైకి వచ్చింది. ఇది నా వైపు జరిగినదానికి సరిపోతుంది. అదే నిమిషంలో అక్కడ ఆయన అదే మాట అన్నదానికి సరిపోదు.

అయిదు వారాలకు బండి తయారైంది. ఆదోనికి నేనే నడుపుకుంటూ పోయాను. దానికి కిక్కు ఎడమవైపు ఉంటుంది. స్టాండు వేసి, నేనూ అల్లుడూ చెరో పక్క పట్టుకుంటే, ఉస్తాద్ ఎడమ కాలితో మూడో కిక్కుకు స్టార్ట్ చేశాడు. పొగకు వీధంతా దగ్గింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఆ సాయంత్రం మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. ఉస్తాద్, ఆ రోజు ఉన్నట్టుండి ఉల్టా అని ఎందుకన్నావు అని. ఆయన చాలాసేపు మాట కోసం తడుముకున్నాడు. నేను తొందరపెట్టలేదు.

“నువ్వు... అడిగితివి కదరా” అన్నాడు.

నిజమే. పైపు తొడిగేటప్పుడు, ‘ఉస్తాద్, ఇది రావడం లేదు, ఏం చేసేది’ అనుకున్నాను. లోపలే అనుకున్నాను. పెదవి కూడా కదపలేదు. ఆయన గొంతు నాకు ఎలా వినబడిందా అని ఇన్నాళ్లూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నేను అననే అనని మాట ఆయనకు ఎలా వినబడిందో నాకు ఈ రోజుకూ తెలియదు.