నత్త బాబాయ్ మీద అతివేగం నేరం

ఆసుపత్రి వ్యాన్ నడిపే ఆయన్ని నర్సులందరూ నత్త బాబాయ్ అనేవారు. ఇరవై రెండేళ్లలో ఆయన ఎవరినీ దాటి పోయింది లేదు. సైకిళ్లే ఆయన్ని దాటిపోయేవి. ఈ బండెక్కితే డ్యూటీకి కాదు, రిటైర్మెంటుకే చేరతామని వాళ్లు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

వ్యాన్ల బాగోగులు చూసే మెకానిక్ స్వయానా ఆయన భార్య తమ్ముడు. పైవాళ్ల కాళ్లావేళ్లా పడి ఆ ఉద్యోగం వేయించింది కూడా ఈయనే.

ఒక సోమవారం పొద్దున, బ్రేకు మరీ మెత్తగా దిగుతోందని షెడ్డుకెళ్లి చెప్పాడు. మెకానిక్ ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. తల కూడా బయట పెట్టలేదు.

“రెండుసార్లు తొక్కితే పట్టేస్తుంది బావా. ఈ ట్రిప్పు వేసి రా, మధ్యాహ్నం చూస్తాను.”

మనవాడు చెప్పాడు కదా అని బండి తీశాడు. వంతెన దిగేటప్పుడు రెండుసార్లు కాదు, పదిసార్లు తొక్కినా బండి ఆగలేదు. ఎదురుగా రోడ్డు దాటుతున్న జనం. స్టీరింగ్ తిప్పి గోడకు కొట్టేశాడు. జనానికేమీ కాలేదు గానీ, ముందు సీట్లో ఉన్న నర్సుకు కాలు విరిగింది.

విచారణలో మెకానిక్ ఆయన వైపు చూడలేదు.

“బ్రేకులు శనివారమే చూశాను సార్. బాగానే ఉన్నాయి. డ్రైవర్ వేగంగా వచ్చుంటాడు.”

టైపు చేస్తున్నామె కూడా చేతులాపి తలెత్తింది. అబద్ధం కన్నా ఆ ‘డ్రైవర్’ అన్న మాటే ఆయనకు గుండెల్లో గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్లుగా వాడి నోట ‘బావా’ అన్న పిలుపు తప్ప వినలేదు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ చక్రం విప్పించాడు. బ్రేకు గొట్టం చిట్లి ఉంది. దాని చుట్టూ కారిన నూనె మరకలు ఎన్నాళ్లవో, మట్టి పట్టి గట్టిపడిపోయాయి. వేగం మాట అక్కడితో కొట్టుకుపోయింది. అయితే, బ్రేకు బాలేదని తెలిసి తెలిసి బండి ఎందుకు తీశావని విచారణాధికారి నిలదీశాడు.

“తీయకూడదు సార్. వాడి మాట నమ్మాను. ఆ తప్పు నాదే.”

మెకానిక్ ఉద్యోగం పోయింది. ఈయన్ని మూడు నెలలు పక్కన పెట్టారు. పిల్లలున్నవాడు, భయంతో అన్నాడు, మీరే కాస్త సర్దుకుని వేగమేనని ఒప్పుకుంటే వాడి ఉద్యోగం నిలిచేది కదా అంది భార్య. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఇప్పుడు మళ్లీ వ్యాన్ నడుపుతున్నాడు. కాలు నయమైన నర్సు ఆ ముందు సీట్లోనే కూర్చుంటోంది. భార్య తన తమ్ముడింటికి వెళ్లాలంటే స్కూటరు మీద తీసుకెళ్లి వీధి మొదట్లో దింపుతాడు. ఆమె తిరిగి వచ్చేదాకా అక్కడే, బండి దిగకుండా కూర్చుంటాడు.