బావ ఊపిరి లెక్క

కరోనా రెండో విడత వచ్చినప్పుడు మా బావనీ నన్నూ ఒకే అంబులెన్సులో ఎక్కించి, విజయనగరం పొలిమేరలో ఆసుపత్రిగా మార్చిన ఒక కాలేజీ హాస్టల్లో దింపారు. బావ అంటే మా అక్క మొగుడు. గుడిలో సన్నాయి వాయించే ఇంటివాడు. పొద్దున్న మేలుకొలుపు నుంచి రాత్రి పవళింపు సేవ దాకా దేవుడి ముందు ఆయన సన్నాయి మోగాల్సిందే. పెళ్లిళ్ల కాలంలో అటు పొందూరు నుంచి ఇటు గజపతినగరం దాకా ఆయన మేళానికి పిలుపులు వస్తాయి. నేను నెల్లిమర్లలో జనపనార కట్టలు తూకం వేసే చోట పనిచేస్తాను. ఇద్దరికీ పక్కపక్క మంచాలు ఇచ్చారు. నాకు జ్వరమూ దగ్గూ. ఆయనకి దగ్గు కూడా పెద్దగా లేదు. అందుకని ఇద్దరిలో ఆయనే నయమని అందరం అనుకున్నాం.

అక్కని గేటు దగ్గరే ఆపేశారు. ఆవిడ కమ్మీల సందులోంచి నా చేతికి మజ్జిగ సీసా ఇస్తూ, "ఒరే, మీ బావ దేనికీ నోరిప్పి సెప్పడు. నువ్వే కనిపెట్టి సూడు," అంది. అలా ఆయన్ని కనిపెట్టి చూసే బాధ్యత నా మీద పడింది. కనిపెట్టి చూడటమంటే నాకు తెలిసింది ఒక్కటే, లెక్కకట్టడం.

లెక్కలు నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో బడి ఆగిపోయాక, పాత పుస్తకాల కొట్లో దొరికినవి చదివి సగటులూ అంచనాలూ సొంతంగా పట్టుకున్నాను. వాన పడిన మర్నాడు కట్టలో తడి ఎంత ఉంటుందో తూచకముందే చెబితే మా మేస్త్రీ మెచ్చుకుంటాడు. కుక్కర్ ఎన్నో కూతకి దించుతుందో ముందే చెబితే మా ఆవిడ తిడుతుంది. మనిషికి ఒక్కో విద్య ఒక్కో చోట పనికొస్తుంది.

ఆ వార్డులో నా విద్యకి చేతినిండా పని దొరికింది. రోజూ పొద్దున్నే తెల్లటి సూటులో ఒక డాక్టరమ్మ వచ్చేది. కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆవిడ ఒక్కో రోగికి మార్కులు వేసేది. వయసుకి కొన్ని, సుగరుంటే కొన్ని, రక్త పరీక్ష బాగోకపోతే కొన్ని, వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ తగ్గితే కొన్ని, నిమిషానికి తీసే ఊపిరులు పెరిగితే కొన్ని. అన్నీ కూడితే ఎవరికి జబ్బు ముదరబోతోందో తెలుస్తుంది. పై అంతస్తులో ఆక్సిజన్‌ని గట్టిగా పంపే మిషన్లున్న మంచాలు తక్కువ. ముదిరాక పంపితే లాభం లేదని, ముదరబోయేవాళ్లని ముందే పట్టుకోవాలని, అందుకే ఈ మార్కులని ఆవిడ నాకు ఓపిగ్గా చెప్పింది. ఆ మాట విన్నాక ఆసుపత్రి ఇడ్లీ కూడా మెత్తగా అనిపించింది.

మార్కులు వేస్తున్నారన్న సంగతి నేనే అందరికీ చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఎక్కువ రావడం మంచిది కాదని నేను చెప్పేలోపే ఆయన ఇంటికి ఫోన్ చేసి ఆ మాట చెప్పేసుకున్నాడు. తర్వాత ఎదుటి మంచం మీదున్న రిటైరైన మాస్టారి వైపు జాలిగా చూసి, "ఏటి మాస్టారూ, సదువుకున్నోరు, మీకు అన్ని తక్కువొచ్చాయేటి?" అన్నాడు. మాస్టారు ఆ రోజంతా మొహం ముడుచుకుని, సాయంత్రం సిస్టరమ్మని పిలిచి ఇంకోసారి కూడి చూడమన్నారు. రైతుని పైకి తీసుకెళ్లేటప్పుడు ఆయన స్ట్రెచర్ మీంచి అందరికీ చెయ్యి ఊపాడు. అక్కడ కోలుకుని మళ్లీ కిందికి వచ్చాడు కూడా. అప్పటికీ తనే ఫస్టని నమ్ముతూనే ఉన్నాడు.

వార్డు మొత్తానికి తక్కువ మార్కులు మా బావవి. ఆక్సిజన్ పర్వాలేదు. ఊపిరి నిమిషానికి పదహారు. కుర్రాడి లెక్క అది. నేను అక్కకి ఫోన్ చేసి, బావ గురించి బెంగపెట్టుకోనక్కర్లేదని, కాగితం మీద ఆయన నాకంటే ఆరోగ్యవంతుడని చెప్పాను. అక్క, పక్క మంచం వాళ్లనీ వంటవాళ్లనీ ఏమైనా అంటున్నాడా అని అడిగింది. ఎవర్నీ ఏమీ అనడం లేదన్నాను. "ఎవర్నీ ఏటీ అనకుండా ఉన్నాడంటే ఒంట్లో బాగోలేదురా," అంది. డాక్టరమ్మ మార్కుల్లో దానికి గడి లేదని నేను వివరంగా చెప్పాను. అక్క ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అందరినీ బోర్లా పడుకోమనేవారు, ఊపిరితిత్తులకి మంచిదని. ఆ రోజు బావ గోడవైపు తిరిగి బోర్లా పడుకున్నాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. బనీను లేస్తోంది, దిగుతోంది. కదిలేది ఏది కనిపించినా లెక్కపెట్టడం నా అలవాటు. చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ముప్పైకి దగ్గర్లో వచ్చింది. నేనే తప్పు పెట్టాననుకుని మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ అంతే. సిస్టరమ్మని పిలిచాను. ఆవిడ వచ్చి బావ భుజం తట్టింది. ఆయన లేచి కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, సభలో కూర్చున్నట్టు నిటారుగా సర్దుకున్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. పదహారు. ఆక్సిజన్ కూడా పర్వాలేదు. ఆవిడ నా జ్వరం చూసి వెళ్లిపోయింది.

ఆవిడ తలుపు దాటగానే ఆయన భుజాలు జారిపోయాయి. నేను వరండాలోకి వెళ్లి అక్కకి ఫోన్‌లో చూసింది చూసినట్టు చెప్పాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. వాళ్లింట్లో సన్నాయి నేర్పే పద్ధతే అలాంటిదట. కొడుకు రాగం అందుకుంటే తండ్రి ఎదురుగా కూర్చుని, చూపు రొమ్ము మీదే పెట్టి, ఎన్నిసార్లు ఊపిరి తీశాడో లెక్కపెడతాడు. ఒకటి ఎక్కువైతే మొదటికొచ్చి మళ్లీ వాయించాలి. చిన్నప్పుడు మా బావ ఆకలేసినప్పుడు కూడా ఊపిరి పొదుపు చేసేవాడట. ఇప్పటికీ ఎదురుగా ఎవరైనా కూర్చుని రొమ్ము వైపు చూస్తే చాలు, ఆయన ఊపిరి దానంతటదే పొడుగైపోతుంది. ఆ నిమిషానికి ఆక్సిజన్ కూడా కాస్త పైకెక్కుతుంది. ఆయన కావాలని మోసం చేయడం లేదు. పరీక్షకి కూర్చుంటున్నాడు, అంతే.

"ఆయన ఎదర గెడియారం తియ్యకండి," అంది అక్క. "గజపతినగరం ఆయన పాట ఇనిపించండి. ఒళ్లు మరిచిపోతాడు."

గజపతినగరం ఆయనంటే బావకి వరసకి మేనల్లుడు. అతనూ సన్నాయి వాయిస్తాడు. ఇద్దరికీ పెళ్లిళ్ల దగ్గర పోటీ. అతని పేరెత్తితే బావ అన్నం ముందు నుంచి కూడా లేచిపోతాడు. మా బంధువుల పెళ్లిలో అతను వాయించిన వీడియో అక్క నా ఫోన్‌కి పంపింది.

డాక్టరమ్మ సాయంత్రం వచ్చినప్పుడు ఇదంతా ఆవిడకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ రోజు పైన ఒక మంచం ఖాళీ అయిందని, మర్నాటికి ఉండదని మాత్రం అంది. ఆవిడ మాస్టారి మంచం దగ్గరికి వెళ్లి, ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, గట్టిగా పీల్చి వదలమంది. మాస్టారి భుజం మీంచి చూస్తే మా బావ స్పష్టంగా కనిపిస్తాడు. నేను ఫోన్‌లో వీడియో పెట్టాను.

బావ మొదట కదల్లేదు. కల్యాణి రాగం కీర్తనలో పల్లవి రెండు సంగతులు పూర్తయ్యాక తల తిప్పాడు. అనుపల్లవి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. నిటారుగా కాదు, ఒక చెయ్యి మంచం పట్టీ మీద ఆనించి.

"ఇది..." అన్నాడు. ఆగాడు. "ఇది కల్యాణేట్రా..." మళ్లీ ఆగాడు. "ఆడికి సన్నాయి... ఎవడు... ఇచ్చాడు."

ఆ మేనల్లుణ్ణి ఒక్క ఊపిరిలో మూడు తరాల దాకా తిట్టగల మనిషి. అంత చిన్న మాటకి అన్నిసార్లు ఆగాల్సి వచ్చింది. నేను లెక్కపెట్టడం మర్చిపోయాను. డాక్టరమ్మ మర్చిపోలేదు. అంతసేపూ పాపం మాస్టారు పీలుస్తూ వదులుతూనే ఉన్నారు, ఇక చాలని ఎవరూ చెప్పకపోవడంతో. ఆవిడ స్టెతస్కోపు మెడలో వేసుకుని వచ్చి, వేలికి మిషన్ పెట్టి చూసి, స్ట్రెచర్ తెమ్మని కేకేసింది.

బావకి అప్పటికి అర్థమైంది. నా వైపు చూసి, "ఒరే, మడిసి ఊపిరి... ఎనకనుంచి లెక్కెడతావేటిరా?" అన్నాడు.

"ముందునుంచి లెక్కెడితే నువ్వు కచేరీ సేస్తన్నావు బావా," అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయి, అది పొడుగు మాటని గ్రహించి మానేశాడు.

పైన ఆయనకి మొహం నిండా మాస్కు పెట్టారు. నన్ను వెళ్లనివ్వలేదు. ఆ రోజుల్లో నాకు ఏ అంచనా తోచలేదు. వేసే ధైర్యం లేదన్నదే సరైన మాట. అక్క ఫోన్ చేసినప్పుడల్లా డాక్టరమ్మ చెప్పిన ముక్క చెప్పేవాణ్ణి, నా సొంత లెక్క ఏదీ కలపకుండా. చివరికి ఆయన్ని కిందికి దించిన రోజున డాక్టరమ్మ, ఇంకా ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని చెప్పింది. ఎంత కష్టమని నేను అడగలేదు.

ఇంటికొచ్చాక చాలా రోజులు బావ సన్నాయి ముట్టుకోలేదు. వీధి చివరిదాకా నడిచి వచ్చి అరుగు మీద కూలబడేవాడు. ఎవరైనా పలకరిస్తే తలూపి ఊరుకునేవాడు. మాట మధ్యలో ఆయాసం బయటపడుతుందని ఆయన బెంగ. ఇంతలో మా అక్క నోటి నుంచి ఈ కథ గజపతినగరం చేరింది. ఒక ఆదివారం ఆ మేనల్లుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, సంచీ నిండా బత్తాయిలతో దిగాడు. అరుగు కింద దూరంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"మావా, నా కల్యాణి నీ పేనం నిలబెట్టిందంట. మా ఊరంతా అదే సెప్పుకుంతన్నారు," అన్నాడు.

నేను తలుపు పక్కన నిలబడ్డాను. బావ ఇప్పుడు లేచి లోపలికి పోతాడని అనుకున్నాను. ఆయన పోలేదు. అరుగు మీద కూర్చున్నచోటే ముందుకి వంగాడు.

"నిలబెట్టింది నీ కల్యాణి కాదురా," అన్నాడు. అక్కడ ఆగి, అతను చూస్తుండగానే, నోరు తెరిచి నిండుగా ఊపిరి తీసుకున్నాడు. దాచుకోలేదు. "అందులో నువ్వు సేసిన తప్పులు."

మేనల్లుడు స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఏటేటి తప్పులో మెల్లగా సెప్పు మావా. నాకేటి తొందర లేదు," అన్నాడు.

బావ మళ్లీ ఊపిరి తీసుకుని, పల్లవి దగ్గర నుంచి మొదలుపెట్టాడు.