రెండు రింగులు, ఒక వాచీ

నిన్న ఉదయం ఆరూ పది. సన్నగా వాన. అప్పటికి అంతా బాగానే ఉంది. ఎనిమిదిన్నర అయ్యేసరికి ఏం జరిగిందో చూడండి. మా చిన్నమ్మాయి ఆసుపత్రి క్యాజువాలిటీలో తండ్రిని వెతుకుతోంది. పెద్దమ్మాయి ఇంట్లో నా ఫోను పట్టుకుని నన్ను వెతుకుతోంది. నేను ప్లాంటు గేటు ముందు, రెండు కాళ్లకి రెండు రకాల చెప్పులేసుకుని ఏడుస్తున్నాను.

కారణం నా చేతికున్న వాచీ. కాదులెండి, దాన్ననడం పాపం. కారణం నేనే.

టీ పోస్తూనే చెప్తాను. ఒలికితే ఏమీ అనుకోకండి.

మాది ఈ హిందీ ఊళ్లో మాంగో అనే పేట. మా ఆయన నది అవతల ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. వారానికో షిఫ్టు. చిన్నది జ్యోతి నర్సు, దానికీ షిఫ్టులే. పెద్దది స్వాతికి నది అవతలే సాక్చీలో ఆఫీసు, పగలంతా కంప్యూటర్ ముందు. మా గుమ్మంలో ఒకరు చెప్పులు విప్పుతుంటే ఒకరు తొడుక్కుంటారు. మధ్యలో నేను డబ్బాలు అందిస్తాను. ఒకసారి ఆయన డబ్బా జ్యోతికి వెళ్లిపోయింది. ఎండుచేపల కూర. వార్డులో రోగులు కూడా ఏటిదీ వాసన అని అడిగారట.

స్వాతి తన పని గంటలు రాసుకోవడానికి ఒక డేటాబేస్ యాప్‌లో పట్టిక చేసుకుంది. వాచీ మీద బటన్ నొక్కితే చాలు, టైముతో సహా ఒక వరస చేరిపోతుంది. ఈమధ్య కొత్త వాచీ కొనుక్కుని పాతది నాకు కట్టింది.

"దీన్లో మనింటి టైము కూడా ఎయ్యవే" అన్నాను.

"క్యా డాలూఁ, మమ్మీ? తుమ్ కౌన్సీ డ్యూటీ జాతీ హో?" అని నవ్వింది, నీకేం డ్యూటీ ఉందని. పిల్లలిద్దరిదీ హిందీలోనే జవాబు.

"నా డ్యూటీ కాదే. మనం నలుగురం ఒక్కసారే ఇంట్లో ఎంతసేపు ఉంటన్నామో, అది సెప్తాదేటి?"

నవ్వు ఆపేసింది. ఆ సాయంత్రమే కూర్చుని చేసింది. నలుగురి పేర్లు. ఒక్కో పేరుకి మూడు బటన్లు: ఇల్లు, దారి, డ్యూటీ. ఎవరిది వాళ్లే నొక్కాలి. అడుగున ఒక గీత, దాని పేరు 'నలుగురూ'. అందరి పక్కనా 'ఇల్లు' ఉన్నంతసేపే ఆ గీతలో నిమిషాలు నడుస్తాయి.

మూడు వారాలకి నాలుగు గంటల చిల్లర వచ్చింది. అందులో మూడు గంటలు అందరం నిద్రలో ఉన్నాం. మిగతా గంటలో కరెంటు లేదు.

అయినా ఆ గీత చూసుకుంటూనే ఉండేదాన్ని. బియ్యం కడుగుతూ, బట్టలారేస్తూ. ఇవాళైనా కదులుతుందేమో అని.

మా ఆయన బటన్లు నొక్కడు. "నానేటి పార్సిలునా, ఏడున్నానో సూసుకోడానికి?" అన్నాడు. అందుకని ఆయనవి నేనే నొక్కుతాను. ఎలా తెలుస్తుందంటారా? రింగులు. మాది ఇరవై ఏళ్ల పద్ధతి. ప్లాంటులో ఫోను లాకర్లో పెట్టాలి. షిఫ్టవగానే తీసి ఒక్క రింగిస్తాడు: బయల్దేరాను అని. వెంటనే రెండో రింగు కూడా వచ్చిందా, డబుల్ అని. అంటే తర్వాతి షిఫ్టు మనిషి రాలేదు, ఆ ఎనిమిది గంటలూ ఈయనే చేస్తాడు. మళ్లీ ఫోను లాకర్లోకి. నేను ఎత్తకూడదు, లెక్కపెట్టుకోవాలి. కుక్కరు కూత మధ్యలో కూడా ఇరవై ఏళ్లూ లెక్క తప్పలేదు.

మొన్న రాత్రి ఆయనది నైట్ షిఫ్టు. నిన్న పొద్దున స్వాతి నిద్రపోతోందని ఫోను సైలెంటులో పెట్టాను. రింగొస్తే వాచీ బుర్రుమంటుంది కదా అని ధీమా. కానీ బటన్ నొక్కినప్పుడు, ఎక్కింది అని చెప్పడానికి కూడా అది బుర్రుమంటుంది. రెండింటిదీ ఒకటే బుర్రు. అక్కడే ఉంది నా ఖర్మంతా!

ఆరూ పదికి బుర్రుమంది. ఆగింది. రెండు చేతులకీ మినప్పిండి. అందుకని ముక్కుతో నొక్కాను, 'దారి' అని. బుర్రుమంది. మళ్లీ బుర్రుమంది. గట్టిగా ఎక్కినట్టుంది అనుకున్నాను.

దిబ్బరొట్టె వేసి మూత పెట్టి, మంట తగ్గించాను. ఆరూ ముప్పావుకి స్కూటర్ చప్పుడు వినపడాలి. వినపడలేదు. ఏడయింది. వాచీలో ఆయన పేరు పక్కన దారి, యాభై నిమిషాలు. యాభై ఒకటి. చూస్తుండగానే యాభై రెండు.

ఇదివరకు ఆలస్యమంటే ఆలస్యమే. నిమిషాలు ఇలా కళ్ల ముందు నడిచేవి కావు. గంట దాటితే అక్షరాలు ఎర్రబడేట్టు పెట్టింది మా పిల్ల. ఎర్రబడ్డాయి.

వాచీలోంచే ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. బయట వాన పెరిగింది. తడిసిన వంతెన, ఆయన స్కూటరు, దాని అరిగిన వెనక టైరు, అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి.

జ్యోతికి చేశాను. నైట్ డ్యూటీ అయి బయల్దేరబోతోంది.

"మీ క్యాజువాలిటీలో సూడే. నాన్న ఉన్నాడేమో."

"క్యా? మమ్మీ, క్యా బోల్ రహీ హో?"

"సూడమన్నాను కదా!"

స్వాతిని లేపాను. "నువ్వు ఇల్లు కదలకు. నాన్నొస్తే నాకు ఫోన్ చెయ్యి." చెప్పి గుమ్మం దాటాను. నా ఫోను వంటగది అలమరలోనే ఉండిపోయింది. ఇంక దేనికి ఫోన్ చేస్తుంది ఆ పిల్ల!

ఆటోలో కూర్చుని వాచీని ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. ఫోను దగ్గర్లో లేకపోతే అది వట్టి గాజు. వంతెన మీద కళ్లు మూసుకున్నాను. చూడలేకపోయాను. ఆటో అతను అద్దంలోంచి చూసి, "దీదీ, తబియత్ ఠీక్ హై?" అన్నాడు. బాగానే ఉన్నానని తల ఊపాను.

గేటు దగ్గర గార్డు ఎవరికోసమని అడిగాడు. "కిస్‌కో ఢూంఢ్ రహీ హైఁ, మాతాజీ?"

మాతాజీ అట. నాకింకా యాభై కూడా రాలేదు. వేరే రోజైతే ఆ మాటకి జవాబు ఉండేది. నిన్న మాత్రం ఏడుపొచ్చింది. తెలుగులోనే అంతా చెప్పేశాను: రింగు, పిండి, వంతెన, టైరు. అతను పాపం ఓపిగ్గా విని, "అబ్ హిందీ మే" అన్నాడు.

పేరూ డిపార్ట్‌మెంటూ చెప్పాను. లోపలికి ఫోన్ కలిపాడు. విన్నాడు. నవ్వాపుకున్నాడు.

"డబుల్ మే హై. చాయ్ పీ రహా హై."

డబుల్లో ఉన్నాడట, టీ తాగుతున్నాడట! నేను చెక్‌పోస్టు మెట్టు మీద కూర్చున్నాను.

పది నిమిషాలకి ఆయన వచ్చాడు, హెల్మెట్‌తోనే పరిగెత్తుకుంటూ. ముఖం నాకన్నా పాలిపోయి ఉంది.

"ఏటే? ఏటైంది? ఎవులికేటైంది?"

"మీకే."

"నాకేటైంది?"

"ఏమీ అవలేదట."

నాకు ఒక్క రింగే తెలిసిందని చెప్పాను. "రెండు రింగులిచ్చాను కదే! ఇరవై ఏళ్లలో తప్పావా ఎప్పుడేనా? సెవులికేటైంది నీకు?"

"సెవులు కాదు, సెయ్యి" అని వాచీ చూపించాను.

ఆయన దాన్ని చూడలేదు. నా కాళ్లకేసి చూస్తున్నాడు.

"అందులో ఒకటి నాది కదే?"

చూసుకున్నాను. కుడికాలిది నాది. ఎడమకాలిది ఆయన స్నానాల గది చెప్పు. నా చెయ్యి పట్టుకుని లేపాడాయన. గేటు ముందు, అందరూ చూస్తుండగా.

ఆయన వెనకే వచ్చిన సూపర్‌వైజరుకి నా వాలకం చూసి జాలేసింది. "జా, ఘర్ జా" అన్నాడు. మిగతా డ్యూటీకి ఇంకో ఫిట్టరు ఒప్పుకున్నాడు. స్కూటర్ వెనక కూర్చుని ఆయన చొక్కా పట్టుకున్నాను. గ్రీజు వాసన, వాన వాసన. ఈసారి వంతెన మీద కళ్లు తెరిచే ఉంచాను. నది నిండుగా, ఎర్రగా పోతోంది. వంతెన ఇంకాస్త పొడుగుంటే బాగుండు అనిపించింది.

గుమ్మంలో జ్యోతి, యూనిఫాంలోనే. "మమ్మీ! తీన్ తీన్ అంకల్ కా చాదర్ హటాకే దేఖా మైనే!" అని అరిచింది. ముగ్గురు పెద్దమనుషుల ముఖాల మీద దుప్పట్లు లాగి చూసిందట. వాళ్లలో ఒకాయన గుడ్ మార్నింగ్ సిస్టర్ అన్నాడట.

స్వాతి నా ఫోను నా కళ్ల ముందు పెట్టింది. "దేఖో. పాపా కే దో మిస్డ్ కాల్. సిక్స్ టెన్, సిక్స్ టెన్."

వాచీ విప్పి ఫ్రిజ్ మీద పడేశాను.

దిబ్బరొట్టె అడుగు బొగ్గయింది. మాడు వాసనకి స్వాతి వంటగదిలోకెళ్లి గ్యాసు ఆపిందట గానీ, అప్పటికే ఆలస్యం. మాడు గీకేసి నాలుగు ముక్కలు చేశాను. బెల్లం పానకంలో ముంచుకుని నలుగురం నేల మీదే కూర్చుని తిన్నాం. స్వాతి ఆఫీసుకి మధ్యాహ్నం వస్తానని చెప్పేసింది. ఆయన గార్డుని అనుకరించాడు, 'అబ్ హిందీ మే' అని. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. జ్యోతి చెయ్యి కడుక్కోకుండానే నా ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. వాన పడుతూనే ఉంది. ఎవరూ లేవలేదు. రెండు గంటలు. పూర్తిగా రెండు గంటలు, అందరం మెలకువగా... సరే, జ్యోతి తప్ప.

సాయంత్రం స్వాతి ఆఫీసు నుంచి వచ్చాక గుర్తొచ్చింది. 'నలుగురూ' గీత! ఫ్రిజ్ మీంచి వాచీ తీశాను. ఆయన: ఇల్లు, అని స్వాతే నొక్కిందట. స్వాతి: ఇల్లు. జ్యోతి: ఇల్లు. అడుగున, ఆ రోజుకి నలుగురూ: సున్నా.

అదెలా అని పైకి జరిపాను. అమ్మ: దారి. ఎర్రగా.

అంత కంగారులోనూ గుమ్మం దాటేటప్పుడు నా బటన్ నేను నొక్కాను. చెప్పులు చూసుకోలేదు గానీ, బటన్ మర్చిపోలేదు! ఇంటికొచ్చాక మళ్లీ నొక్కిందెవరు?

"ఠీక్ కర్ దూఁ, మమ్మీ?" అంది స్వాతి, సరిచేస్తానని చెయ్యి చాపుతూ.

"వద్దులే" అన్నాను.

నిన్నటి లెక్క వేళ్ల మీద చెప్తాను. ఆయన క్షేమంగా వచ్చాడు. జ్యోతి క్షేమంగా వచ్చింది. స్వాతి ఇంట్లోనే ఉంది. ముగ్గురు. నాలుగో మనిషి మాత్రం ఇప్పటికి ముప్పై రెండు గంటలై ఇంకా దారిలోనే ఉంది. ఎవరికైనా కనిపిస్తే ఇంటికి పంపండి. ఎడమకాలికి మగ చెప్పుంటుంది.