జహనుమా కారంలో గులాబీ రంగు

మా బాపు పేరు చెడగొట్టడం మా జహనుమా బస్తీలో ఏ పోటీ దుకాణదారుకూ చేతకాలేదు. ఆ పని తెల్లకోటు తొడుక్కుని, మహా శ్రద్ధగా నేను చేశాను. నవ్వదలచినవారు నవ్వండి. నేను మాత్రం ఇప్పటికీ తల వంచుకునే చెబుతాను.

మాది కారం గిర్నీ. మిరపకాయలు కొని, ఎండబెట్టి, పట్టి అమ్మడం బాపు పని. నాది యూనివర్సిటీలో పరిశోధన. గాజుముక్క మీద కంటికి కనబడనంత చిన్న వెండి రేణువులు పరుస్తాం. వాటి మీద ఏదైనా ఒక చుక్క వేసి లేజరు కొడితే, రేణువుల సందుల్లో వెలుగు గుమిగూడి, ఆ పదార్థం ఇచ్చే బలహీనమైన సంకేతాన్ని పెద్దది చేస్తుంది. వేలిముద్రల్లాగా ఏ పదార్థం గీతలు దానివే. వెండి సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ముందు రోడమిన్ అనే గులాబీ రంగు వేసి పరీక్షిస్తాం. మోసగాళ్ళు కారంలో కలిపే రంగుల్లో అదీ ఒకటి. నా కొంప ముంచింది ఈ చుట్టరికమే.

ఒకరోజు ఉత్సాహం పట్టలేక మా కారాన్నే స్పిరిట్‌లో కలిపి ఒక చుక్క వేశాను. తెర మీద రోడమిన్ గీతలు లేచి నిలబడ్డాయి! గైడు మేడమ్‌కు చూపించే ఓపిక నాకెక్కడిది? నేరుగా గిర్నీకి పరిగెత్తాను.

"బాపూ, మన కారంల రంగు ఉన్నది!"

"ఏం రంగు బిడ్డా? నా చేతులతోని పట్టిన కారం గది."

"మిషన్ అబద్ధం చెప్పది బాపూ. నేను చూసిన."

బాపు చిటికెడు కారం తీసి అరచేతిలో రుద్ది చూశాడు. "కాయలమ్మినోడే రంగద్దిండేమో. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్తే నిజమే ఉంటది" అని షట్టర్ దించేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోవాళ్ళనే ఓడించి మొదలుపెట్టాను.

పెళ్ళిళ్ళకు వంట చేసే జహీర్ భాయ్ అప్పటికే మర్నాటి వలీమా విందుకు కారం పట్టుకుపోయాడు. బాపు నన్ను వెంటబెట్టుకుని కిషన్‌బాగ్‌లో అతనింటికి వెళ్ళాడు.

"భాయ్, కారం వాపస్ ఇయ్యి. మిలావట్ ఉన్నదట, రంగు కలిసిందట."

"మీ మిర్చిల మిలావటా? క్యా బాత్ కర్‌తే సేఠ్! మా అబ్బా జమానాకెల్లి మీ కారమే తింటున్నం."

"నా బిడ్డ చెప్పింది భాయ్."

జహీర్ భాయ్ కారం మూట తెచ్చి బాపు చేతికిచ్చి, నా వైపు ఎంతో మర్యాదగా చూశాడు. నాకు గర్వం కలిగింది. గర్వమండీ! ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

తెల్లవారి మేడమ్ నా గీతలు చూసి, "కారం లేకుండా ఉత్త స్పిరిట్ చుక్క వేసి చూశావా?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"వెయ్యి."

వేశాను. రోడమిన్!

మేడమ్ తెర వైపు, నా వైపు చూసి శాంతంగా అడిగారు: "ఈ స్పిరిట్ కూడా మీ నాన్నగారి గిర్నీలోనే పట్టించావా?"

చుక్కలు వేసే గొట్టానికి తొడిగే ప్లాస్టిక్ మొనను ఒకసారి వాడి పారేయాలి. కానీ పొట్లాలు విప్పిన దారం కూడా చుట్టి దాచే దుకాణంలో పుట్టినదాన్ని, బాగున్న వస్తువు పారేయడానికి నాకు చెయ్యి రాదు. రోడమిన్ వేసిన మొననే కడిగి, దాంతోనే కారం చుక్కా, ఉత్త స్పిరిట్ చుక్కా వేశాను. కంటికి శుభ్రంగానే ఉంది, వెండిని మాత్రం మోసం చేయలేకపోయింది. గురివింద తన నలుపెరగదంటారు. నేను నా గులాబీ ఎరగలేదు. కొత్త గాజుముక్క మీద కొత్త మొనతో మళ్ళీ కారం వేస్తే రోడమిన్ జాడే లేదు.

గిర్నీకి తిరిగొస్తుంటే దారంతా ఒకటే బాధ. బాపు తన కళ్ళకంటే నన్ను ఎక్కువ నమ్మాడు. నేను బాపును ఒక ప్లాస్టిక్ మొన పాటి కూడా నమ్మలేదు.

"కారం మంచిదే బాపూ. రంగు నా చేతికెల్లే పడ్డది" అని ఏడ్చాను.

"గట్లనా" అన్నాడు బాపు. వెంటనే కారం మూట భుజానికెత్తుకుని, "నడువు" అన్నాడు.

కిషన్‌బాగ్‌లో జహీర్ భాయ్ అప్పుడే పొయ్యిలు రాజేస్తున్నాడు. బాపు మూట దించి, అతి గంభీరంగా ప్రకటించాడు: "భాయ్, కారం సాఫ్ ఉన్నది. మా బిడ్డలనే మిలావట్ ఉండె."

జహీర్ భాయ్ గరిటె పక్కన పెట్టి పడీపడీ నవ్వాడు. "మిర్చి జల్దీ ఇటియ్యుండ్రి సేఠ్. బిడ్డను మాత్రం మీరే వాపస్ తీస్కపోండ్రి!"

నిన్నటి నుంచి ముఖం వేలాడేసుకున్న మా బాపు కూడా అప్పుడు నవ్వాడు. ఆ పొయ్యిల సాక్షిగా నేను ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం ఏ మొననూ రెండోసారి వాడను. ఉత్త చుక్క వేసి చూడనిదే ఎవరి కారాన్నీ శంకించను. మా బాపు కారాన్నయితే, చూశాక కూడా శంకించను.