మూడు మిల్లీమీటర్ల పేరు

“వడ్డీ మీద వడ్డీ గుంజినవాడి పేరు చెక్కారు. పెళ్లాన్ని కొట్టి జైలుకెళ్లొచ్చినవాడి పేరు చెక్కారు. ఈవిడ పేరు దగ్గరికొచ్చేసరికి మీకు దేవుడు గుర్తొచ్చాడా?”

సమాన హక్కుల కమిషన్ సభ్యురాలు ఈ ప్రశ్న అడిగింది రాళ్లాయనని. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్ఫై నాలుగేళ్లుగా సమాధుల మీద పెట్టే పలకలు చెక్కి బతుకుతున్నాడు. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఆయన చేతిమీదుగా వెళ్లినవే గానీ ఆయన పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. అందరికీ రాళ్లాయనే. ఆయన మీద వచ్చిన ఫిర్యాదు ఒక్క వాక్యంలో తేలిపోతుంది: తాను చెక్కిన ఒక ఆడమనిషి పేరును తానే అరగదీసేశాడు.

దుకాణం ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు ఆనించిన నమూనా పలకలు. వెనక రేకుల షెడ్డులో కుళాయి, ఇసుక బస్తాలు, వాటి మీద పడుకోబెట్టిన గ్రానైట్. మిగతా దుకాణాలన్నీ కంప్యూటరు మీదకు వెళ్లిపోయాయి. ఈయనది ఇంకా ఉలి, సుత్తే. కాగితం మీద అక్షరాలు రాసి రాయికి అతికించి, ఉలి ఎత్తేముందు దాని మీద అరచేయి ఆనించి ఒక ప్రార్థన చెబుతాడు. నిమిషం కూడా పట్టదు. తండ్రి నేర్పిన పద్ధతి. పేరు ఎవరిదైనా సరే, ప్రార్థన పడనిదే ఉలి పడదు.

ఆ దుకాణంలో ఇంకో పద్ధతి ఉంది. దానికీ దేవుడికీ సంబంధం లేదు. ఎప్పుడో ఒక కుటుంబం పలక తీసుకెళ్లిన నెలకు తిరిగొచ్చి, తేదీ తప్పుందని రభస చేసింది. అప్పటినుంచి చెక్కడం పూర్తయిన ప్రతి పలక మీద పల్చటి కాగితం పరిచి నల్ల మైనంతో రుద్దుతారు. కాగితమంతా నలుపెక్కి అక్షరాలు తెల్లగా తేలతాయి. మూలన తేదీ వేసి ఇనుప బీరువాలో పడేస్తారు. ఈ పని కూతురిది. లెక్కలు, ఫోన్లు, అక్షరాలకు రంగు నింపడం కూడా ఆమే చూసుకుంటుంది.

ఆ పేరు స్కూలు బస్సు నడిపిన ఒకావిడది. ఇరవై రెండేళ్లు నడిపింది. పిల్లలందరికీ బస్సత్త. ఆర్డరు తెచ్చింది ఆవిడ అన్నయ్య. పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, కింద ఒక మాట: ‘పదిమందికీ తలలో నాలుక’. దాని కింద జానెడు ఖాళీ వదలమన్నాడు. ఎందుకని రాళ్లాయన అడగలేదు. మొగుడో పెళ్లామో మిగిలున్నవాళ్లందరూ వదిలించుకునే ఖాళీయే అది. ఆరు రోజులు చెక్కాడు. శుక్రవారం కూతురు కాగితం పరిచి అచ్చు తీసింది.

సోమవారం కూతురు బ్యాంకుకు వెళ్లిన సమయంలో కళ్లజోళ్లావిడ వచ్చింది. వీధి చివర షాపు ఆమెదే. రాళ్లాయన ముక్కు మీద ఉన్న జోడు కూడా ఆమె చేసిచ్చిందే.

“ఏమ్మా, నా చూపు తగ్గిందని మీరే ఇంటికొచ్చి చెప్పాలా?” అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. పలక మీద వేళ్లు ఆనించింది. “ఎంత బాగా చెక్కారండీ. ఈ ఖాళీ నాది. నా పేరు కూడా ఇప్పుడే చెక్కేయండి. తేదీ సంగతి తర్వాత ఎవరో ఒకరు చూసుకుంటారు.”

“ఆవిడకి మీరు చెల్లెలా?”

“భార్యనండీ. పద్దెనిమిదేళ్లు కలిసున్నాం. ఆడవాళ్లిద్దరు పెళ్లాడొచ్చని చట్టమొచ్చాక రిజిస్టరు కూడా చేయించుకున్నాం.”

కళ్లద్దాల నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది. రాళ్లాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. “మీ పేరు నేను చెక్కలేనమ్మా. మా విశ్వాసం ఒప్పుకోదు” అన్నాడు.

ఆమె పలక మీంచి వేళ్లు తీసింది. “సరే, నాది వద్దులెండి. తనది అయిపోయింది కదా. గురువారం బండి పంపిస్తాను.”

ఆయన తలూపాడు. అక్కడితో ఆగి ఉంటే లాయర్లకు కావలసినంత మేత దొరికేది. ఇష్టంలేని పేరు చెక్కనన్నవాడి చేతిని చట్టం ఎంతవరకు పట్టుకు లాగొచ్చు అని ఏళ్ల తరబడి వాదించుకునేవాళ్లు. రాళ్లాయన అక్కడ ఆగలేదు. ప్రార్థనా మందిరం పెద్దాయనకు ఫోన్ చేశాడు.

“నీ ప్రార్థన పడ్డ రాయి కదయ్యా అది! దాన్ని అలాంటి ఇంటికి ఎలా పంపిస్తావు?” అన్నాడు పెద్దాయన. అనేసి భోజనానికి వెళ్లిపోయాడు.

రాళ్లాయన భోజనం చేయలేదు. గ్రైండర్ తీశాడు, కుళాయి తిప్పాడు. చెక్కిన అక్షరం లోతు మూడు మిల్లీమీటర్లు. ముందు అంచులు మొద్దుబారాయి. తర్వాత పేరు మసకేసింది, సంవత్సరాలు పోయాయి, చివరికి తలలో నాలుక కూడా పోయింది. నీళ్లు పాలలా తెల్లగా మారి కాలవలోకి పారాయి. ఆరు రోజుల పని పదకొండు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఇంత సులువుగా పోతుందని ఆయనకే తెలియదు. మిషన్ ఆపాడు. జోడు మీద పేరుకున్న పిండిని చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

కూతురు వచ్చింది.

“పేరేది నాన్నా?”

ఆమె వంగి తడి రాతిని తడిమింది. ఆయన విషయం రెండు ముక్కల్లో చెప్పాడు.

“ఎనిమిదేళ్లు నన్ను స్కూలుకి తీసుకెళ్లింది ఆవిడే. మీ ఇంట్లో ఏ దేవుణ్ని కొలుస్తారే అని అడిగి బస్సెక్కించుకోలేదు నాన్నా ఏ రోజూ.”

సాయంత్రం ఇంటికెళ్తే ఆయన భార్య వంటింట్లోంచే అడిగింది. “నీకు ఫోన్ చేసి చెప్పింది దేవుడా, పెద్దాయనా?”

“నేనే చేశాను.”

“అయితే మరీ బాగుంది.”

గురువారం కళ్లజోళ్లావిడ బండితో పాటు తనూ వచ్చింది. బోసిగా ఉన్న పలకను చూసింది. వేరే పలకేమోనని పక్కకి చూసింది. ఇదేనని అర్థమయ్యాక అరవలేదు, తిట్టలేదు. ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండా కమిషన్ నోటీసు వచ్చింది.

నోటీసు వెనకే మనుషులు దిగారు. కళ్లజోళ్లావిడ వైపు వాళ్లు కొవ్వొత్తులు, అట్టలు పట్టుకొచ్చి వీధిలో నిలబడమన్నారు. “ఆరింటి దాకా షాపు వదిలి కదల్లేను, అట్ట అక్కడ పెట్టి వెళ్లండి” అందామె. ఈయన వైపు విశ్వాస రక్షణ సంఘం వెలిసింది. ‘ఉలి వంచని వీరుడు’ అని గోడలకు పోస్టర్లు ఎక్కాయి. ఉలి వంగేదేమిటో రాళ్లాయనకు అర్థం కాలేదు. తన ఫొటో వాళ్లకెవరిచ్చారో అంతకన్నా అర్థం కాలేదు. ఖర్చంతా సంఘానిదేనని పెద్దాయన భుజం తట్టాడు, చందా డబ్బాలు తిప్పించాడు.

సంఘం పెట్టిన లాయరు కుర్రవాడు, చురుకైనవాడు. “చెక్కి చెరిపారంటే కొంప మునుగుతుంది మాస్టారూ. అసలు చెక్కనే లేదు, మొదట్లోనే కాదన్నారు. అంతే చెప్పండి. మనస్సాక్షి సంగతి నేను చూసుకుంటా.”

“అది అబద్ధం కదా బాబూ?”

“పెద్దాయన్ని అడగండి.”

పెద్దాయన కళ్లు మూసుకుని, మంచి పని కోసమైతే తప్పు లేదన్నాడు. రాళ్లాయన నిర్ఘాంతపోయాడు. ఒక పేరు చెక్కడానికి ఒప్పుకోని దేవుడు ఒక అబద్ధానికి ఇంత తొందరగా ఒప్పుకుంటాడని ఆయన అనుకోలేదు. అయినా విచారణ రోజు నిలబడి, “చెక్కలేదండి” అన్నాడు. చెప్పిన నోరు తనదేనా అని ఆయనకే అనిపించింది.

బీరువాలో కాగితాల సంగతి ఆయనకు గుర్తేలేదు. రోజూ కళ్లముందుండే వస్తువు గుర్తుకు రాదు.

కూతురు లేచింది. సంచీలోంచి నల్ల కాగితాల కట్ట తీసి సభ్యురాలి ముందు పెట్టింది. ఈయన వైపు చూడలేదు.

“ఇవెవరు తీశారమ్మా?”

“నేనేనండీ. పైనున్నది శుక్రవారం తీసింది. మూలన తేదీ ఉంది. కిందవి పాతవి. ప్రతి రాయికీ తీస్తాం, అందుకని తెచ్చాను.”

నలుపు మధ్య తెల్లగా బస్సత్త పేరు. కళ్లజోళ్లావిడ కుర్చీలోంచి సగం లేచి, అలాగే ఉండిపోయింది. రాళ్లాయన జోడు తీసేశాడు. సొంత బిడ్డ తన మీద సాక్ష్యం చెప్పినందుకు కాదు. పోయిందనుకున్న పేరు అలా లేచి తనవైపు చూసినందుకు.

సభ్యురాలు మిగతా కాగితాలు తిరగేసింది. ఊరందరికీ తెలిసిన పేర్లే. దేవుడు గుర్తొచ్చాడా అన్న ఆ ప్రశ్న అప్పుడే అడిగింది.

“వాళ్ల గురించి నేను అడగలేదండి” అన్నాడు రాళ్లాయన.

“ఈవిడ గురించి అడిగారా?”

“వరస అడిగానండి. ఆవిడ చెప్పింది.”

“అంటే మీలాగే అబద్ధం చెప్పుంటే రాయి దక్కేదన్నమాట.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

తీర్పు రెండు పేజీలు. అక్కరలేని మాటలు లేవు. కొత్తగా ఒక పేరు చెక్కనని అనే హక్కు ఉందా లేదా అన్నది ఈ కేసులో తేల్చనవసరం లేదంది. ప్రార్థన చేసి మరీ శుక్రవారానికి చెక్కిన మాటలు సోమవారానికి పాపం కాలేదు, రాయి మీద ఒక్క అక్షరం మారలేదు, మారిందల్లా కొనేది ఎవరో తెలియడమే, చట్టం వద్దనేది సరిగ్గా అలా మనిషిని చూసి కాదనడాన్నే అంది. అడ్వాన్సు వాపసు ఇవ్వాలి. పరిహారం తొంభై ఆరు వేలు, పన్నెండు వాయిదాల్లో.

సంఘం ఆ సాయంత్రమే మాయమైంది. చందాలు తర్వాతి కేసుకు దాచామని కబురొచ్చింది. పోస్టర్లు మాత్రం చాలాకాలం వానకు నానుతూ గోడల మీదే ఉన్నాయి. వాటి దెబ్బ దుకాణానికి తగిలింది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే పాపాలు ఏకరువు పెట్టడం మొదలెట్టారు.

“మా నాన్న తాగేవాడండీ. పర్లేదా?”

“మా బాబాయికి రెండు కాపురాలు. ముందే చెబుతున్నాను, తర్వాత గీకేస్తే మేం పడలేం.”

ఒక ముసలమ్మ అయితే తన మొగుడి గురించి ముప్పావుగంట చెప్పింది, ఆయన బతికుండగా ఎవరికీ చెప్పనివి కూడా. రాళ్లాయన తల పట్టుకున్నాడు. జనం తనను న్యాయాధిపతిని చేసి కూర్చోబెట్టారు, ఆ కుర్చీ వేసుకుంది మాత్రం తనే. “అవన్నీ నాకెందుకమ్మా! పేరు చెప్పు, తేదీలు చెప్పు, చాలు” అని అరిచాడు. లోపల రంగు నింపుతున్న కూతురు తలెత్తి చూసింది. ఇప్పటికీ తండ్రితో పని మాటలే మాట్లాడుతుంది.

మొదటి వాయిదా కళ్లజోళ్లావిడ షాపుకు తనే తీసుకెళ్లాడు. ఆమె డబ్బు లెక్కపెట్టుకుని రసీదు రాసింది.

“అమ్మా, ఆ పలక మళ్లీ చెక్కి ఇస్తాను. ఊరికే. నా చేత్తోనే.”

“అక్కర్లేదండీ. అయిపోయింది. మీ అమ్మాయి ఆ నల్లకాగితానికి నకలు తీసిచ్చింది. పక్కూళ్లో మిషన్ మీద చెక్కించాను, దాన్ని బట్టే. పైనున్నది అచ్చం మీ చేతిరాతే. కింద నా పేరే కాస్త తేడాగా ఉంది.”

ఆమె రసీదు చించి ఇస్తూ ఆయన ముఖంలోకి చూసింది.

“జోడు ఇలా ఇవ్వండి. ఇన్ని గీతలేంటి? రాతిపిండి ఉండగా పొడిగుడ్డతో తుడిచారా?”

ఆయన తీసిచ్చాడు. ఎప్పటి గీతలో చెప్పలేదు. ఆమె అడగలేదు. కొత్త అద్దాలు బుధవారానికి ఇచ్చింది, పూర్తి ధరకు, రూపాయి తగ్గించకుండా.

ఇప్పటికి ఏడు వాయిదాలు కట్టాడు. ఇంకా నలభై వేలు బాకీ.